బస్సు దిగండి, ఊరు ఇక్కడే ఉంది

విశాఖపట్నం రేవుకు పర్యాటకుల ఓడ వస్తోందంటే పత్రికల్లో వచ్చే వార్త ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది. ఓడ పొద్దున్నే చేరుతుంది, రాత్రికల్లా వెళ్ళిపోతుంది, ఈలోగా ప్రయాణికులకు కైలాసగిరి, ఆర్కే బీచ్, రుషికొండ, సింహాచలం చూపిస్తారు, ఓపికున్నవాళ్ళను బొర్రా గుహలకూ అరకుకూ తీసుకెళ్తారు. దాని మీద ఊళ్ళో జరిగే చర్చ కూడా ఒకే అచ్చులో ఉంటుంది. "ఒక్క రోజులో ఏం చూస్తారండీ పాపం, కనీసం మూడు రోజులైనా ఉండొద్దూ" అని సగంమంది జాలిపడతారు. "ఉన్న ఆ ఒక్క రోజులోనే వీలైనన్ని చూపించి పంపాలి, లేకపోతే మన ఊరి పరువేం కాను" అని తక్కిన సగంమంది కంగారుపడతారు.

పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటల వేరు ఒక్కటే. ఊరంటే స్పాట్ల జాబితా అని ఇద్దరూ నమ్ముతున్నారు. ఆ జాబితా ఒక్క రోజులో పూర్తి కాదని మొదటివారి బాధ, ఎలాగైనా పూర్తి చేయించాలని రెండోవారి తాపత్రయం. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ఓడ ఆగిన ఆ ఒక్క పగలు విశాఖపట్నం చూడటానికి శుభ్రంగా సరిపోతుంది. సరిపోనిది బస్సు టూరుకే.

ముందు గంటల లెక్క తీద్దాం. కోర్డేలియా వారి ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. అలాంటి ఓడ ఉదయం రేవుకు చేరి రాత్రి బయలుదేరితే కాగితం మీద పదకొండు గంటలు కనిపిస్తాయి. చేతికి వచ్చేవి అన్ని ఉండవు. కొన్ని వందలమంది మెట్లు దిగి, తనిఖీ దాటి, బస్సుల దగ్గర వరస కట్టేసరికి ఒక గంట హరీ. ఓడ బయలుదేరే వేళకు బాగా ముందే అందరూ వెనక్కి ఎక్కి ఉండాలి కాబట్టి ఆ చివర ఇంకో గంట, గంటన్నర. మిగిలేది ఎనిమిది, తొమ్మిది గంటలు. ఊరి నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, చివర్లో ఘాట్ రోడ్డు. వెళ్ళడానికి మూడు గంటల పైనే, రావడానికీ అంతే. మిగిలిన గంటన్నరలో అరకు చూసినట్టు, బొంగు చికెన్ తిన్నట్టు, కాఫీ పొడి కొన్నట్టు. అరకు మీద నాకు ఫిర్యాదు లేదు. రాత్రి పడుకుని, పొద్దున మంచు చూసి రావలసిన చోటును కిటికీలోంచి చూపించి "అయిపోయింది, ఎక్కండి" అనడం మీదే ఫిర్యాదు.

ఊళ్ళోనే తిప్పే బస్సు కథ ఇంతకన్నా మెరుగేం కాదు. నలభైమందిని దించాలి, తలలు లెక్కపెట్టాలి, బాత్రూమ్‌కు వెళ్ళినవాళ్ళ కోసం ఆగాలి, ఎక్కించాలి, మళ్ళీ తలలు లెక్కపెట్టాలి. అయిదు చోట్ల ఆగితే ఈ తంతు అయిదుసార్లు. ట్రాఫిక్కు వేరే. కైలాసగిరి మీద శివపార్వతుల ముందు ఫోటో, రుషికొండ ఇసుకలో ఫోటో, బీచ్ రోడ్డులో కొబ్బరి బొండాం. రెండు రాత్రులు నీళ్ళ మీద ఊగి ఊగి నేల కోసం మొహం వాచి దిగినవాణ్ణి మనం ఆత్రంగా తీసుకెళ్ళి చూపించేది ఏమిటయ్యా అంటే, సముద్రం!

ఇక "మూడు రోజులైనా ఉండాలి" అనే పెద్దమనుషుల సంగతి. తొందర ప్రయాణం తేలిక ప్రయాణమని, ఎక్కువ రోజులుంటేనే ఊరు ఒంటబడుతుందని వీరి సిద్ధాంతం. వినడానికి బాగుంటుంది. నిజమే అయితే మూడు రోజులు కాదు, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న మనం ఈ ఊరిని నమిలి మింగి ఉండాలి కదా? మధురవాడలో, ఎంవీపీ కాలనీలో, గాజువాకలో అడిగి చూడండి. దర్గా కొండ ఎక్కినవాళ్ళెందరు? రాస్ హిల్ మీద నుంచి ఓడ కాలువలోకి రావడం చూసినవాళ్ళెందరు? టౌన్ హాలు ఎక్కడుందో దారి చెప్పగలిగేవాళ్ళెందరు? ఊరు పట్టుబడేది రోజుల లెక్కన అయితే ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు ఈ ప్రశ్నలు వెయ్యాల్సిన పని లేదు.

ఒక్క పూట మకాంలో ఊరిని చూడటం ఎలాగో మన భాషలో ఎప్పుడో చేసి చూపించినవాడు ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. తిరుగు ప్రయాణంలో ఈ తీరం వెంటే వచ్చారు. దారిలో చాలా ఊళ్ళలో ఆయన ఆగింది ఒక పూట, మహా అయితే ఒక రోజు. అయినా ఆ ఊళ్ళో మంచినీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, ఇళ్ళు ఎలా కట్టుకున్నారు, దారి రాతిదా ఇసుకదా, జనం ఎలా మసలుతున్నారు అన్నవన్నీ రాసిపెట్టారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రను ఈనాటికీ చరిత్రకారులు తిరగేస్తున్నారంటే అందుకు కారణం ఎక్కువ రోజులు ఉండటం కాదు. దిగిన చోట నడిచారు, కనిపించినవాళ్ళను అడిగారు, ఎదుట ఉన్నది చూశారు. అరవై మైళ్ళ అవతల ఉన్నదాని కోసం ఎదుట ఉన్నదాన్ని వదులుకోలేదు.

విశాఖలో ఓడ దిగినవాడి ఎదుట ఏముందో చూద్దాం. అసలు తగువంతా ఇక్కడే.

క్రూయిజ్ టెర్మినల్ ఉన్నది ఔటర్ హార్బర్లో. 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. దాదాపు 96 కోట్ల రూపాయలు పెట్టి, రెండు వేలమంది ప్రయాణికులు పట్టేలా కట్టారు. దానికి కూతవేటు దూరంలో వన్ టౌన్ ఉంది. అసలు విశాఖపట్నం అదే. తక్కినదంతా తర్వాత పెరిగింది. ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దం చివర్లో కోఠీ పెట్టింది ఇక్కడే. ఓడరేవు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో జనాన్నీ సరుకునూ అలల మీద నుంచి ఒడ్డుకు చేర్చింది ఇక్కడికే. 1780 అక్టోబరు 3న ఈ ఊరి సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ అలీతో యుద్ధానికని వాళ్ళను ఓడెక్కించి మద్రాసు పంపబోతే, ఎక్కబోమని మొండికేసి తుపాకులు తిప్పారు. మీరట్ సిపాయిలకన్నా 77 ఏళ్ళు ముందు. ఓడ దిగిన అతిథికి చెప్పడానికి ఇంతకన్నా తగిన కథ ఏ ఊరికైనా ఉందా? కైలాసగిరి రోప్‌వే ఎక్కిస్తూ ఈ కథ చెప్పలేం. చెప్పినా చెట్టూ చేమా తప్ప చూపించడానికి అక్కడేమీ లేదు.

రేవు సంగతీ అంతే. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చాలని బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టుబట్టి తవ్వించిన హార్బరు ఇది. తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక రేవు మూతిని పూడ్చేయకుండా డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర పాత ఓడలు రెంటిని కావాలని ముంచి అడ్డం పెట్టారు. సింధియా కంపెనీ వారి జలదుర్గ 1933 అక్టోబరు 7న మొదటి ఓడగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా తెరిచాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసింది ఈ రేవు మీదే. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ మూతి బయటే. అంటే ప్రయాణికుడు ఇంకా ఓడ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉండగానే ఊరి చరిత్రలో సగం అతని కళ్ళ ముందు ఉంది. మనం చేస్తున్న పని ఏమిటంటే, ఊరు పుట్టిన గుమ్మంలో దిగినవాణ్ణి గుమ్మం చూడనివ్వకుండా బస్సెక్కించి ఊరు దాటించడం.

మరి దాటించకపోతే ఏం చూస్తాడు? చెబుతాను.

ఓడ తెల్లవారుజామునే చేరితే మొదట ఫిషింగ్ హార్బర్. రాత్రంతా, కొన్నిసార్లు వారాల తరబడి వేటాడి వచ్చిన మరబోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఐసు మిల్లు చప్పుడు, దాని మీదుగా వేలంపాట కేకలు. తడి నేల మీద వంజరం, చందువ, కానాగంతలు, సొర, టేకు చేపలు కుప్పలు. పాట పాడేవాడి నోటి వేగం అందుకోవడం మనవల్లే కాదు, పరాయివాడి వల్ల ఏమవుతుంది. అయినా కొనే ఆడవాళ్ళ మొహాలు చూస్తే ధర పెరుగుతోందో తగ్గుతోందో ఎవరికైనా తెలుస్తుంది. పాట ముగిసిన మరుక్షణం కుప్ప బేసిన్లలోకి ఎక్కి, బేసిన్లు నెత్తికెక్కి, ఆటోలు ఊళ్ళోకి పరుగెడతాయి. 2023 నవంబరు 19 రాత్రి నిప్పంటుకుని పదులకొద్దీ బోట్లు బూడిదైన జెట్టీ ఇదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో వచ్చిన ఓడవాళ్ళకు వేలం దొరకదు. కట్టేసిన బోట్ల నీడలో వలలు బాగుచేసుకునే జాలర్లు దొరుకుతారు, తీరిగ్గా మాట్లాడతారు. నన్నడిగితే అదీ మంచిదే.

అక్కడి నుంచి ఓడ కాలువ ఒడ్డున మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఈ మూడింటినీ చూపించి "మత సామరస్యం" అని ఉపన్యాసం ఇవ్వడం మనవాళ్ళకు అలవాటు. నేను ఆ జోలికి పోను. నాకు అంతకన్నా ఆసక్తిగా ఉండేది ఈ కొండలకూ ఓడలకూ ఉన్న లావాదేవీ. రేవులోకి వచ్చేపోయే ఓడలు తమ జెండాను మూడుసార్లు దించి ఎత్తి దర్గాకు సలాము చేసేవని పాత జిల్లా గెజిటీరులో ఉంది. ఓడ క్షేమంగా ఒడ్డు చేరితే హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న దోనె చేయించి బాబాకు సమర్పించేవారట. బంగాళాఖాతం గాలీ కెరటమూ ఆయన మాట వింటాయని వాళ్ళ నమ్మకం. ఇది ఓడలో వచ్చినవాళ్ళకు చెప్పాల్సిన సంగతి అవునా కాదా? చెప్పడానికి కొండ పక్కనే ఉంది. రాస్ హిల్ మెట్లెక్కి చర్చి ముందు నిలబడితే సన్నటి కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్, టగ్గు బోట్లు లాక్కొస్తుంటే పెద్ద ఓడ ఇళ్ళ పైకప్పుల మీదుగా నడిచి వస్తున్నట్టు కనిపిస్తుంది.

తర్వాత బురుజుపేట కనకమహాలక్ష్మి. ఈ గుడికి గోపురం లేదు, అమ్మవారికి తల మీద కప్పూ లేదు. ఎండకు ఎండి వానకు తడుస్తూ ఆరుబయటే ఉంటుంది. నూతిలో దొరికిన తల్లి అంటారు, ఎడమ చెయ్యి సగం వరకే ఉంటుంది. పెద్ద దేవస్థానాల్లో వంద అడుగుల దూరం నుంచి, తోపుల మధ్య, అర నిమిషం దర్శనానికి అలవాటుపడిన మనిషి ఇక్కడికి వచ్చి ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ముందున్న పెద్దావిడ చెంబుతో పాలు తెచ్చి తానే పోస్తుంది, గుప్పెడు పసుపు తీసి తన చేత్తోనే అమ్మవారి ఒంటికి రాస్తుంది, కుంకుమ పెడుతుంది, పక్కకు జరిగి "రామ్మా, నువ్వూ రాయి" అన్నట్టు చోటిస్తుంది. ఎవరు, ఎక్కడి నుంచి అనే ప్రశ్న లేదు. బాలింతలు నెలల పిల్లల్ని తెచ్చి తల్లి పాదాల దగ్గర పడుకోబెట్టి తీసుకెళ్తారు. సింహాచలం గొప్ప క్షేత్రమే, ఆ రాతిపని చూడవలసిందే. కానీ అర పూట చేతిలో ఉన్నవాడికి ఈ ఊరి భక్తి ఎలా ఉంటుందో తెలియాలంటే క్యూ లైను చూపించాలా, పసుపు అంటిన అరచెయ్యి చూపించాలా?

కురుపాం మార్కెట్ గురించి రెండు మాటలు చాలు. పసుపు కొమ్ములు, సాంబ్రాణి, కరక్కాయ, వస కొమ్ము, నాటువైద్యపు వేర్లు, పూజ సామాను, గాజులు, చుట్టూ బంగారం కొట్లు. ఏసీ బస్సులోంచి చూస్తే ఇరుకు సందు. లోపలికి నడిస్తే ముక్కుతోనే ఊరు తెలుస్తుంది. ఇవి కాక బొబ్బిలి రాజావారు కట్టించిన టౌన్ హాలు, రాణి విక్టోరియా బొమ్మ, క్వీన్ మేరీ స్కూలు, పాత ఇంగ్లీషు సమాధులు. ఒక్కొక్కటీ నడక దూరమే.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది అందరి మనసుల్లోనూ ఉండేది, కొందరే బయటికి అనేది. "పాత ఊరు మురికిగా ఉంటుంది, కాలువలు కంపు కొడతాయి, చేపల వాసన. అతిథుల్ని అక్కడికి తీసుకెళ్ళి పరువు తీసుకుంటామా?" ఈ మాట అనేవాళ్ళను నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఆ కాలువల పక్కన రోజూ బతికే మనుషుల ముందు పోని పరువు, ఒక్క పూట వచ్చిపోయే ఓడవాళ్ళ ముందే ఎందుకు పోతుంది? మురికి ఉంటే తియ్యాల్సింది. పరదా కట్టి అతిథిని వేరే దారిన తిప్పడం కాదు. పైగా ఓడ వచ్చినప్పుడల్లా జనం అటే నడుస్తారంటే ఆ కాలువలు బాగుపడే అవకాశం ఉంది. బస్సు బీచ్ రోడ్డు మీద వెళ్ళినంతకాలం ఆ అవసరం ఎవరికీ పట్టదు.

రెండోది డబ్బు. ఓడ వస్తే ఊరికి నాలుగు డబ్బులని అంటారు. ఏ ఊరికి? ప్రయాణికుడి టికెట్టులో టిఫినూ భోజనమూ కలిసే ఉంటాయి. ఓడలో కడుపునిండా తిని దిగినవాడు ఏసీ బస్సులో కూర్చుంటే, టూరు డబ్బు ఏజెంటుకూ బస్సు యజమానికీ పోతుంది, ప్రవేశ రుసుము కొండమీది పార్కుకు పోతుంది. రేవు సుంకం రేవుకు. వన్ టౌన్ గాజుల కొట్టు, పాత పోస్టాఫీసు దగ్గర టిఫిను బండి, ఆటో స్టాండు, ఇవేవీ ఈ లెక్కలో లేవు. నడిచేవాడు దాహమేస్తే కొంటాడు, ఆకలేస్తే తింటాడు, నచ్చితే బేరమాడతాడు. బస్సులోవాడికి బేరమాడే తీరిక గైడు ఇవ్వడు.

మూడోది భయం. కంపెనీ ఏర్పాటు చేసిన టూరులో బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా తిరిగితే ఆగదు. ఇది నిజం. ఈ ఒక్క మాట పట్టుకునే టూర్లు అమ్ముడుపోతాయి. అయితే ఆ భయం ఉన్నవాడు వెళ్ళకూడనిది ఘాట్ రోడ్డు మీదికి. రేవుకు ఒకటి రెండు కిలోమీటర్లలో తిరిగేవాడికి ఓడ తప్పిపోయే ప్రమాదం ఎంత? రాస్ హిల్ మీద నిలబడితే రేవు కనపడుతూనే ఉంటుంది.

నాలుగో అభ్యంతరం చదువుకున్నవాళ్ళది. వెనిస్ చూడండి, దుబ్రోవ్నిక్ చూడండి అంటారు. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను సాన్ మార్కో ముందుకు రానివ్వడం లేదు, 2024లో పగటిపూట వచ్చిపోయేవాళ్ళ మీద అయిదు యూరోల రుసుము పెట్టారు, ఓడజనం పాత ఊళ్ళను తినేస్తున్నారు, నువ్వేమో వన్ టౌన్‌లోకి పంపమంటున్నావు అని. వాళ్ళ జబ్బు వేరు, మనది వేరు. అక్కడికి రోజూ వచ్చే జనం వరద. మనకు వచ్చేది అప్పుడప్పుడు ఒక ఓడ. 2024 ఏప్రిల్లో వచ్చిన 'ద వరల్డ్' లాంటి అంతర్జాతీయ ఓడల్లోనైతే ప్రయాణికులు వందకు అటూ ఇటూ. అయినా ఈ హెచ్చరికలో పనికొచ్చేది ఒకటుంది, ఒప్పుకుంటాను. వెయ్యిమందిని ఒక్కసారిగా బురుజుపేట సందులోకి తోస్తే అమ్మవారికీ భక్తులకూ ఊపిరాడదు. భక్తులు పోటెత్తే మార్గశిర గురువారాల్లోనైతే అసలు తలపెట్టకూడదు. అందుకే మందలుగా వద్దంటున్నాను. నలుగురైదుగురుగా, ఎవరికి తోచిన సందులోకి వాళ్ళు వెళ్తే ఈ ఊరు ఇంకా చాలామందిని మోస్తుంది. మంద అనేది బస్సు తయారు చేసిన సరుకు.

అయిదోది ఎండ, మోకాళ్ళు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. జూన్ మధ్యాహ్నం విశాఖ ఉక్కపోతలో డెబ్బై ఏళ్ళ మనిషిని కొండ మెట్లెక్కమనడం దుర్మార్గం. అలాంటివారికి ఆటో ఉంది, పొద్దుటి చల్లని వేళ ఉంది, మార్కెట్టు ఉంది. ఎక్కలేనివారు ఎక్కనక్కర్లేదు. అలాగే, బస్సు జాబితాలోంచి ఒక్కదాన్ని నేను తీసేయమనను. అది ఐఎన్ఎస్ కురుసుర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో బీచ్ ఒడ్డుకు చేరిన నిజమైన జలాంతర్గామి. లోపల నావికులు పడుకున్న బల్లలు, నిలబడి వండుకున్న బుల్లి వంటగది చూస్తే తమ ఓడలోని గది ఎంత విశాలమో ప్రయాణికుడికి తెలుస్తుంది. దగ్గరే కూడాను.

ఈ రోగం మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మన తెలుగువాళ్ళు ఇప్పుడు విరివిగా ఓడ ప్రయాణాలు చేస్తున్నారు, వాళ్ళకూ ఇదే జరుగుతోంది. కరపత్రంలో "పారిస్" అని ఉంటుంది, ఓడ ఆగేది లె హావ్ర్‌లో. అక్కడి నుంచి పారిస్ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. దిగీదిగగానే బస్సు, రోడ్డు మీద రానూపోనూ ఆరు గంటలు, ఈఫిల్ టవర్ ముందు ఫోటో. 1944 బాంబుల్లో నేలమట్టమైతే ఓగుస్త్ పెరే అనే వాస్తుశిల్పి కాంక్రీటుతో మళ్ళీ లేపిన ఊరు లె హావ్ర్. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. క్లోద్ మోనే 1872లో ఒక పొద్దుటి పూట అక్కడి రేవును బొమ్మ వేశాడు. ఇంప్రెషనిజం అనే చిత్రకళా ఉద్యమానికి ఆ బొమ్మ పేరే పెట్టారు. బొమ్మ ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉంది. బొమ్మలోని రేవు మాత్రం మనవాళ్ళు దిగి వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కిన చోటే ఉంది. రోమ్ పేరుతో చివితావెక్యాలో దిగేవాళ్ళను నేనేమీ అనను. అక్కడి నుంచి రోమ్‌కు రైల్లో గంట పైచిలుకే, రోమ్ రోమే. కానీ ప్రతి రేవునూ బస్టాండు కింద వాడుకుంటే ఇన్ని లక్షలు పోసి ఓడెందుకు? విమానం ఉండనే ఉంది.

బస్సు టూర్లు అమ్మేవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. అది వాళ్ళ వ్యాపారం. తప్పు వాళ్ళ జాబితాను మన ఊరి నిర్వచనంగా ఒప్పుకున్న మనది. విశాఖ అంటే బీచ్ అని పరాయివాడు అన్నాడంటే అర్థం చేసుకోవచ్చు. మనమే అంటున్నాం, పోస్టర్లు వేస్తున్నాం, టెర్మినల్ గోడల మీద రాసుకుంటున్నాం.

చేయాల్సిన పనులు ఖరీదైనవి కావు. రేవు లోపల ఎవరూ నడవడానికి వీల్లేదు, భద్రత ఉన్న చోటు, అది సబబే. అందుకే టెర్మినల్ నుంచి వన్ టౌన్ పాత పోస్టాఫీసు దాకా పావుగంటకొకటి చొప్పున చిన్న బస్సు తిప్పాలి, ఓడ ఉన్నంతసేపూ, ఉచితంగా. దిగేచోట తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక కాగితం పటం ఇవ్వాలి. మూడు కొండలు, గుడి, మార్కెట్టు, ఫిషింగ్ హార్బర్, బాత్రూములు ఎక్కడున్నాయో అందులో ఉండాలి. ముందు ఆ బాత్రూములు ఉండాలి. ఆటోలకు ప్రీపెయిడ్ కౌంటరు పెట్టాలి. వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ విశాఖ శాఖ పాత ఊళ్ళో వారసత్వ నడకలు నిర్వహిస్తూనే ఉంది, వాళ్ళను పిలిస్తే చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే పిల్లలకు శిక్షణ ఇచ్చి, నడిపించిన ప్రతి పూటకూ కూలి ఇస్తే ఇంకా మంచిది. 96 కోట్ల టెర్మినల్ కట్టగలిగినవాళ్ళకు ఇది లెక్కలోది కాదు.

ఓడలో వచ్చే తెలుగువారికి, ముఖ్యంగా విశాఖ మాకు తెలిసిన ఊరేలే అనుకునేవారికి ఒక మాట. ఈసారి టూరు టికెట్టు కొనకండి. ఆటో ఎక్కి కురుపాం మార్కెట్టు అనండి, అక్కడ దిగి నడవండి. పర్యాటక శాఖవారికీ రేవు అధికారులకూ విన్నపం: వచ్చే ఓడ కట్టుకునేలోపు పాత పోస్టాఫీసుకు ఆ చిన్న బస్సు వేయండి.